బస్తా ఎత్తే ముందు

అందరికీ నమస్కారం. రేపు పొద్దున మనం శ్రీశైలం రోడ్డు పక్కన అడవిలోకి చెత్త ఎత్తడానికి వెళ్తున్నాం కదా, ఉపన్యాసం వద్దు, రెండు మాటలు చెప్పండి చాలు అన్నారు మీ ఎన్ఎస్ఎస్ సారు. రెండు మాటల్లో ముగించడం నాకు ఇంతవరకు చేతకాలేదు. కాస్త ఓర్చుకోండి.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఆరేళ్ల కిందట మేం పదిహేను మందిమి ఇలాగే ఒక ఆదివారం బయల్దేరాం. ఊరి శివారు దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు మీంచి కనపడకుండా, వాగు గట్టు వెనక పెద్ద చెత్తకుప్ప. మధ్యాహ్నానికి నలభై బస్తాలు నింపాం. ఫొటోలు దిగాం. సాయంత్రానికి ట్రాక్టరు వస్తుందన్నారు. రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు వెళ్లి చూస్తే కోతులు, పందులు బస్తాలన్నీ చింపేశాయి. ఒకచోట పడి ఉన్న చెత్తని మేం వాగు పొడవునా పరిచి వచ్చినట్టయింది. మాట ఇచ్చి తప్పినవాళ్లది కొంత తప్పు ఉంది, కాదనను. కానీ ఎన్ని బస్తాలు వస్తాయో, అవి ఏ డంపింగ్ యార్డుకి పోవాలో ముందుగా కనుక్కోనిది మేమే.

ఆ దెబ్బ తిన్నాకే ఎస్టోనియా సంగతి శ్రద్ధగా చదివాను. బాల్టిక్ సముద్రం పక్కన చిన్న దేశం. జనాభా సుమారు 13 లక్షలు. నేలలో సగం అడవే. ఆ అడవుల్లో జనం పాత టైర్లు, పాడైన సామాన్లు తెచ్చి పారేసేవాళ్లు. 2008 మే 3న 50 వేల మంది కలిసి, అయిదు గంటల్లో దాదాపు 10 వేల టన్నులు ఎత్తేశారు. ఈ ముక్క అందరూ చెప్తారు. నాకు నచ్చింది అంతకు ముందు జరిగిన పని. వాలంటీర్లు అడవులన్నీ తిరిగి, కుప్ప కనపడినచోటల్లా ఫోనులో ఫొటో తీసి, మ్యాపు మీద గుర్తు పెట్టారు. అలా 10 వేలకు పైగా కుప్పలు తేలాయి. ఆ మ్యాపు సాఫ్ట్‌వేర్ వెనక స్కైప్ తయారుచేసినవాళ్లలో ఒకరైన అహ్తి హెయిన్లా ఉన్నారు. మ్యాపంటూ చేతిలో ఉంటే ఏ కుప్పకి ఎంతమంది కావాలో, లారీ ఎక్కడిదాకా పోగలదో ఇంట్లో కూర్చునే లెక్క వేసుకోవచ్చు. మా దగ్గర ఆ రోజు ఉన్నవి ఉత్సాహం, ఖాళీ బస్తాలు.

తర్వాత స్లోవేనియా వాళ్లు 2010లో అదే పని చేశారు. 2018 నుంచి ప్రపంచమంతటా ఈ పనికి ఒక రోజు పెట్టుకున్నారు, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి కూడా సెప్టెంబరు 20ని ఖాయం చేసింది. మంచిదే. అయితే బ్యానరు పట్టుకుని ఫొటో దిగే దినాలు మనకి ఇప్పటికే చాలా ఉన్నాయని నా గొణుగుడు.

మళ్లీ మా వాగు గట్టుకి వద్దాం. రెండోసారి వెళ్లినప్పుడు ఏదీ ఎత్తలేదు, కుప్పని చదివాం. ఒక పక్కంతా కోడి ఈకలు, పేగులు. అంటే చికెన్ షాపుల ఆటో, రాత్రిపూట వచ్చేది. మధ్యలో ఇటుక ముక్కలు, పగిలిన టైల్సు. అది ఇల్లు పడగొట్టిన ట్రాక్టరు. పైపైన పేపరు ప్లేట్లు, నీళ్ల సీసాలు, ఆగి అన్నం తిని పోయిన యాత్రికులవి. మూడు చెత్తలు, ముగ్గురు మనుషులు. ఒకే మందు ముగ్గురికీ పనిచెయ్యదు. ఫారెస్టు వాళ్లు బండ్ల బాటకి అడ్డంగా కందకం తవ్వించాక ట్రాక్టరు, ఆటో ఆగిపోయాయి. ప్లేట్లు మాత్రం ఇప్పటికీ పడుతూనే ఉన్నాయి. అక్కడ చెత్తడబ్బా పెట్టి చూశాం, కోతులకి భోజనశాల అయింది.

రేపు మనం వెళ్లేది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో చెత్త వెయ్యడం నేరం. అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టడమూ తప్పే, అందుకే ఫారెస్టు బీట్ ఆఫీసరు మన వెంట ఉంటారు. దారిలో చెంచు పెంట, అంటే చెంచుల గూడెం, దగ్గర ఆగుదాం. ఏ బండి ఏ వేళకి వస్తుందో వాళ్లకి తెలిసినంత మనకి తెలియదు. అడిగేటప్పుడు మర్యాదగా అడగండి, ఆ చెత్త వాళ్లు వేసింది కాదు.

మొదటి గంట ఎవరూ ఏదీ ఎత్తొద్దు. నలుగురేసి జట్లుగా తిరిగి, లెక్క రాసుకుని, ఫొటో తియ్యండి. టైరు, రేకు కర్రతో కదిపాకే ముట్టుకోండి, కింద తేలు ఉండొచ్చు. సిరంజి కనపడితే చెయ్యి పెట్టకుండా నన్ను పిలవండి. ఎంత చిన్న కుప్పైనా అగ్గిపుల్ల గియ్యొద్దు.

నీళ్ల సీసా ఇంటినుంచే తెచ్చుకోండి. ఒకసారి చెత్త ఎత్తడానికి వచ్చినవాళ్లకి మేమే ప్లాస్టిక్ గ్లాసుల్లో మజ్జిగ పోశాం. చివరికి ఆ గ్లాసులు ఏరడానికి అరగంట పట్టింది. బస్సు అయిదున్నరకి. ట్రాక్టరు అతనికి ఇవాళ రెండుసార్లు ఫోన్ చేశాను, పొద్దున్నే మళ్లీ చేస్తాను.