క్రౌన్ పినియన్‌ని తిట్టకండి, షిమ్ములు చూడండి!

అన్నలూ, తమ్ముళ్లూ, పాత జీపు గ్రూపుల్లో నెల నుంచి ఒకటే గొడవ కదా, లోకల్ క్రౌన్ పినియన్ (వెనక చక్రాలకి పవర్ మళ్లించే పెద్ద, చిన్న గేర్ల జత) వేస్తే ఆ గేర్లుండే వెనక హౌసింగ్ గుయ్‌మంటోంది, కంపెనీ సెట్ దొరకదు, ఇక బండి అమ్ముకోవడమే అని. నేను అస్సలు ఒప్పుకోను! గేర్‌ది కాదు తప్పు, పాత షిమ్ములే, అంటే గేర్లు సరైన చోట కూర్చోడానికి వేసే పల్చటి రేకు వాషర్లే, తిరిగి పెట్టేసి బోల్టులు బిగించేస్తున్నారు చూడండి, అక్కడుంది తప్పంతా.

విల్లీస్ సీజే-3బీ తీసుకోండి, మన పాత మహీంద్రా జీపులకి మూలం అదే. వెనక యాక్సిల్ డానా 44 రకం, గేర్ రేషియో 5.38, అంటే క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. ఆ డానా పినియన్ తల మీద గ్రీజు తుడిచి లైట్ పెట్టి చూడండి, ప్లస్సో మైనస్సో ఒక అంకె గీసి ఉంటుంది. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. పాతదాని మీద ప్లస్ 2, కొత్తదాని మీద మైనస్ 1 ఉంటే పినియన్ లోపలి బేరింగ్ కప్పు (బేరింగ్ బయటి రింగు) వెనక 3 వెయ్యో వంతుల షిమ్ అదనంగా పడాలి. మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా లేదు, కానీ ఆ తేడాకే బండి ఏడుస్తుంది! లోకల్ సెట్ మీద అంకె లేదా, అయితే మార్కింగే దిక్కు. పళ్లకి రంగు పేస్ట్ పూసి, క్రౌన్‌ని కాస్త ఆపిపట్టి తిప్పండి. అచ్చు పన్ను అడుగున పడిందంటే పినియన్ లోపలికి ఎక్కువ పోయింది, షిమ్ తీయాలి, పైఅంచున పడితే వెయ్యాలి. తర్వాత డయల్ గేజ్ పెట్టి ప్లే, అంటే రెండు గేర్ల పళ్ల మధ్య సందు, చూడండి, 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య రావాలి, క్రౌన్ చుట్టూ నాలుగు చోట్లా చూడాలి, ఒక్కచోట చూసి వదిలేస్తే లాభం లేదు.

అన్నట్టు సౌండ్ విని హడావిడిగా గేర్లు కొనేవాళ్లూ ఉన్నారు, ఆగండి! యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా మోగితే గేర్ మీద అనుమానపడండి, రెండిట్లోనూ ఒకేలా గరగరమంటే ముందు బేరింగులు చూడండి.

మరి మెకానిక్ ఇదంతా ఎందుకు చెయ్యడు? మనం లేబర్ మొత్తం పనికి ఇంత అని బేరమాడి ఫిక్స్ చేస్తాం కాబట్టి! షిమ్ మార్చిన ప్రతిసారీ కప్పు కొట్టి బయటికి తియ్యాలి, క్యారియర్ (క్రౌన్‌ని మోసే భాగం) బేరింగులు పుల్లర్‌తో లాగాలి, పూటంతా అదే పని. తెలివైనవాళ్లు పాత బేరింగుల లోపలి రంధ్రం కొంచెం అరగదీసి ఉంచుకుంటారు, చేత్తో ఎక్కి చేత్తో దిగుతాయి, సెట్టింగ్ అయ్యాకే కొత్తవి ప్రెస్ చేస్తారు. అలాంటి మేస్త్రి దొరికితే బేరం ఆడకండి అన్నా, అడిగినంత ఇవ్వండి, బదులుగా మూత వేసే ముందు మార్కింగ్ ఫోటో, గేజ్ రీడింగ్ ఫోటో అడిగి తీసుకోండి. ఆ రెండు ఫోటోలూ కింద కామెంట్లలో పెట్టండి, సెట్ ఎవరిదైనా సరే, సౌండ్ ఎందుకొస్తోందో అందరం కలిసి చూద్దాం.