ఏజెంట్ మెమరీ సర్వర్ రివ్యూ: రీడ్‌మీలో ఉన్నది ఏజెంట్‌కి చేరుతోందా?

నమస్కారం అండి. ఈ రోజు రివ్యూ ఎంసీపీ మెమరీ సర్వర్ మీద, అంటే ఏఐ ఏజెంట్ తనకు చెప్పిన విషయాలను దాచుకుని తర్వాత గుర్తు తెచ్చుకోవడానికి వాడే ప్రోగ్రామ్ మీద. 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ని (ఎంసీపీ, అంటే ఏఐని బయటి టూల్స్‌తో కలిపే పద్ధతి) విడుదల చేసింది కదా, ఆ ప్రాజెక్టు రిపాజిటరీలో ఉండే నమూనా సర్వర్ ఇది. ఇన్‌స్టాల్ చేయడం చూపించే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి నేరుగా డాక్యుమెంటేషన్‌లోకి వెళ్దాం. ఈ సర్వర్ ఇచ్చే టూల్స్‌ని పిలిచేది ఏజెంట్, అంటే మన తరఫున పనిచేసే ఏఐ. అది రీడ్‌మీ (ప్రాజెక్టుతో వచ్చే వివరణ ఫైల్) తెరిచి చదవదు. టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ సమాచారం ఏ రూపంలో పంపాలో చెప్పేది), అంతవరకే దానికి కనిపిస్తాయి.

ముందు నిర్మాణం. ఎంటిటీ అంటే ఒక మనిషో, ఊరో, సంస్థో. దాని కింద అబ్జర్వేషన్లు, అంటే విడివిడి వాక్యాలు, ఒక్కోదాంట్లో ఒక్కటే సమాచారం. ఎంటిటీల మధ్య సంబంధాలు రిలేషన్లు. ఇదంతా కలిపితే గ్రాఫ్. అది ఒకే ఫైల్‌లో, వరుసకో జేసన్ (టెక్స్ట్‌గా రాసే డేటా రూపం) రికార్డుగా ఉంటుంది. మొత్తం తొమ్మిది టూల్స్: చేర్చేవి మూడు, తీసేసేవి మూడు, చదివేవి మూడు.

గమనించారా, అప్‌డేట్ అనే టూల్ లేదు. ఉన్న సమాచారం మార్చాలంటే పాతది తీయడం, కొత్తది చేర్చడం రెండూ విడివిడిగా చేయాలి. తేడాలొచ్చేది ఇక్కడే.

స్క్రీన్ మీద చూడండి. 'గుంటూరు గోదాము' అనే ఎంటిటీ కింద 'మిర్చి బస్తాలు దిగే సమయం ఉదయం 6' అని ఉంది. అది 8కి మారిందని ఏజెంట్‌కి చెప్పాం. ఏజెంట్ డిలీట్ అబ్జర్వేషన్స్‌ని పిలిచి, 'ఉదయం 6కి మిర్చి బస్తాలు దిగుతాయి' అన్న వాక్యం పంపింది. అర్థం ఒకటే, కానీ కోడ్ పోల్చేది అక్షరం అక్షరం. సరిపోలలేదు, ఏమీ తీసేయలేదు. అయినా జవాబు మాత్రం 'విజయవంతంగా తొలగించాం' అనే వస్తుంది! తర్వాత కొత్త వాక్యం చేరింది. ఇప్పుడు ఫైల్‌లో 6 ఉంది, 8 కూడా ఉంది. వచ్చే వారం అడిగితే ఏది చెబుతుందో మన చేతుల్లో లేదు.

అబ్జర్వేషన్ లేకపోతే ఈ టూల్ మౌనంగా వదిలేస్తుందని రీడ్‌మీ చెబుతోంది, మెచ్చుకోవాలి. కానీ ఏజెంట్‌కి వెళ్లే డిస్క్రిప్షన్‌లో ఉన్నది 'ఎంటిటీల నుంచి ఫలానా అబ్జర్వేషన్లు తొలగిస్తుంది' అన్న ఒక్క ముక్కే. దాన్ని నేనైతే ఇలా రాస్తాను (ఇందులో ఓపెన్ నోడ్స్ అంటే, పేరు ఇస్తే ఆ ఎంటిటీని చూపించే టూల్): 'పంపే వాక్యం నిల్వ ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. ముందు ఓపెన్ నోడ్స్‌తో తెరిచి, అక్కడి వాక్యాన్నే కాపీ చేసి పంపు. కలవకపోయినా ఎర్రర్ రాదు, కాబట్టి చివర మళ్లీ తెరిచి చూడు.' మూడు వాక్యాలే, కానీ ఫైల్ శుభ్రంగా ఉంటుంది. వరుస కూడా ముఖ్యమండి: కొత్తది చేర్చాకే పాతది తీయమనాలి. ముందే తీసేస్తే, చేర్చడం ఫెయిలైనప్పుడు రెండూ పోతాయి.

క్రియేట్ ఎంటిటీస్‌లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఆ పేరుతో ఎంటిటీ ఇప్పటికే ఉంటే దాన్ని పట్టించుకోదు, దాంతో పంపిన అబ్జర్వేషన్లు కూడా పోతాయి. ఇక్కడ ఒక ఆనవాలు ఉంది: కొత్తగా చేరినవే జవాబులో వస్తాయి. ఖాళీ లిస్ట్ వస్తే యాడ్ అబ్జర్వేషన్స్ వాడాలని డిస్క్రిప్షన్‌లో రాయండి. అది మాత్రం ఎంటిటీ లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. నా లెక్కలో అదే సరైన పద్ధతి.

తెలుగులో నిల్వ చేసేవాళ్లు సెర్చ్ నోడ్స్ దగ్గర జాగ్రత్త. మీరిచ్చిన మాట మొత్తం ఉన్నది ఉన్నట్టు ఎక్కడైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. 'హైదరాబాద్' అని వెతికితే 'హైదరాబాదులో' అన్న వాక్యం దొరకదు, పొల్లు దగ్గర అక్షరాలు వేరైపోతాయి. 'హైదరాబా' అని వెతికితే రెండూ దొరుకుతాయి. ఎంటిటీ పేర్లు తెలుగు లిపిలోనా, ఇంగ్లిష్ లిపిలోనా అన్నది ముందే తేల్చి సిస్టమ్ ప్రాంప్ట్‌లో (ఏజెంట్‌కి ముందే ఇచ్చే సూచనల్లో) రాయండి. లేకపోతే ఒకే ఊరు రెండు ఎంటిటీలవుతుంది.

రీడ్ గ్రాఫ్ మొత్తం ఫైల్‌ని కాంటెక్స్ట్‌లో (మోడల్ ఒకేసారి చదివే పాఠంలో) పోసేస్తుంది. గ్రాఫ్ చిన్నగా ఉన్నప్పుడే వాడమని డిస్క్రిప్షన్‌లో ఒక్క మాట చాలు.

ఇక డిలీట్ ఎంటిటీస్. ఎంటిటీతో పాటు దాని రిలేషన్లన్నీ పోతాయి. ప్రోటోకాల్‌లో ఇలాంటి టూల్‌కి 'డిస్ట్రక్టివ్ హింట్' పెట్టే వీలుంది, తప్పక పెట్టండి. అయితే అది సూచన మాత్రమే, దానంతట అది దేన్నీ ఆపదు. తీసేసే ముందు యూజర్‌ని అడిగే పని క్లయింట్‌దే, అంటే ఏజెంట్ నడిచే యాప్‌దే.

సెటప్‌లో రెండే మాటలు. మెమరీ ఫైల్ పాత్ వేరియబుల్‌లో మీ సొంత ఫోల్డర్‌లోని ఫైల్ పాత్ ఇవ్వండి. ఇవ్వకపోతే ఫైల్ ప్యాకేజీ ఉన్న చోటే పడుతుంది, ఎన్‌పీఎక్స్‌తో (ప్యాకేజీని తాత్కాలికంగా దించి నడిపే కమాండ్) నడిపితే క్యాష్‌తో పాటు అదీ పోవచ్చు. రెండోది, ఒకే ఫైల్‌కి రెండు క్లయింట్లు తగిలించొద్దు. ప్రతి మార్పుకీ ఫైల్ మొత్తం తిరిగి రాస్తుంది, లాకింగ్ (ఒకరు రాస్తుండగా మరొకరిని ఆపడం) లేదు, ఒకేసారి రాస్తే ఒకరిది పోతుంది. ఒక్కరు సొంతానికి వాడుకోవడానికి, టూల్ డాక్యుమెంటేషన్ రాయడం నేర్చుకోవడానికి ఇది బాగుంది. నలుగురున్న టీమ్‌కైతే వెనక నిజమైన డేటాబేస్ ఉన్నదే తీసుకోండి.