కనపడని ముద్రను ఫొటోలో ఎక్కడ దాచాలి?

[తెరపై: ఒకేలా కనిపించే రెండు ఫొటోలు]

ఈ రెండింట్లో ఒక ఫొటోలో యజమాని ముద్ర ఉంది. కంటికి తేడా తెలియదు, తెలియకూడదు కూడా. దీన్నే డిజిటల్ వాటర్‌మార్కింగ్ అంటారు. మూలన లోగో వేస్తే కత్తిరించి పారేస్తారు కాబట్టి, ముద్రను ఫొటోలోని అంకెల్లోనే కలిపేస్తారు. చిక్కల్లా ఏ అంకెల్లో కలపాలన్నదే.

[తెరపై: ఒక పిక్సెల్ పెద్దదవుతుంది. 200 = 11001000]

మామూలు నలుపు తెలుపు ఫొటోలో ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 255 లోపు ఒక విలువ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని 8 బిట్లలో, అంటే ఎనిమిది 0, 1 అంకెల్లో రాసుకుంటుంది. 200 అంటే 11001000. చివరి బిట్ మారిస్తే 201 అవుతుంది. ఆ తేడా మన కన్ను పట్టలేదు. అంటే 512 బై 512 ఫొటోలో 2,62,144 బిట్లు హాయిగా దాచుకోవచ్చు.

ఇప్పుడు ఆ ఫొటోను ఒక్కసారి జేపెగ్‌గా సేవ్ చేయండి. ముద్ర పోతుంది!

[తెరపై: ఫొటో 8×8 గళ్లుగా విడిపోతుంది]

జేపెగ్ ఒక్కో గడిలోని 64 పిక్సెళ్లను డీసీటీ అనే లెక్కతో గుణకాలనే 64 కొత్త సంఖ్యలుగా మారుస్తుంది. కొన్ని గుణకాలు మెల్లగా మారే వెలుగునీడలను చెబుతాయి, కొన్ని సన్నని గీతలను, గరుకుదనాన్ని చెబుతాయి. ఈ సన్నని వివరాలు కంటికి పెద్దగా ఆనవు. అందుకే వాటిని బాగా రౌండ్ చేసేస్తుంది, చాలావరకు సున్నాలైపోతాయి. ఫైలు చిన్నదయ్యేది అలాగే. మనమేమో ముద్రను కంటికి ఆనని చోటే దాచాం.

[తెరపై: 1997]

ఇంగెమార్ కాక్స్, జో కిలియన్, టామ్ లైటన్, తలాల్ షామూన్ ఆ ఏడాది ఒక పరిశోధన పత్రంలో దీన్ని తిరగేశారు. ముద్రను ఫొటోకి ప్రాణమైన చోటే పెట్టాలన్నారు. మొత్తం ఫొటోకి డీసీటీ చేసి, సగటు వెలుగును చెప్పే గుణకాన్ని వదిలేసి, మిగతావాటిలో అతి పెద్దవైన 1000 గుణకాలను యాదృచ్ఛిక సంఖ్యలతో కొద్దికొద్దిగా మార్చారు. ఆ సంఖ్యల వరుసే ముద్ర. దాన్ని చెరపాలంటే ఆ గుణకాలను పాడుచేయాలి. అలా చేస్తే ఫొటోయే చెడిపోతుంది, ఎత్తుకెళ్లినవాడికి దక్కేదేమీ ఉండదు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది. ఫొటోను ప్రింట్ తీసి, జిరాక్స్ చేసి, మళ్లీ స్కాన్ చేసినా వాళ్ల పరీక్షలో ముద్ర దొరికింది. కాకపోతే దాన్ని పట్టుకోవడానికి అసలు ఫొటో దగ్గరుండాలి. అది లేకుండానే పట్టే పద్ధతులూ ఉన్నాయి.

ముద్రను ఇంకా గట్టిగా వేస్తే? కంటికి కనపడటం మొదలవుతుంది. ఎక్కువ సమాచారం కుక్కితే త్వరగా చెదురుతుంది. ఈ పెనుగులాట ఏ పద్ధతికీ తప్పదు.

[తెరపై: ఎక్స్‌రే చిత్రం]

అన్నిచోట్లా గట్టి ముద్రే కావాలని లేదు. ఫొటోలో ఎవరైనా వేలు పెట్టారా అని తేల్చాలంటే, చిన్న మార్పుకే చెదిరే ముద్ర కావాలి. అది ఎక్కడ చెదిరిందో చూస్తే ఏ భాగం మార్చారో తెలుస్తుంది. అక్కడ చివరి బిట్ పద్ధతి బాగా పనికొస్తుంది. వైద్య చిత్రాల కోసం రివర్సిబుల్ వాటర్‌మార్కింగ్ కూడా ఉంది. ముద్రను తీసేస్తే అసలు చిత్రం ఒక్క బిట్ తేడా లేకుండా తిరిగొస్తుంది. డాక్టర్ చూసే సన్నని గీత ఎముక విరిగి వచ్చిందా, ముద్ర వల్ల వచ్చిందా అన్న అనుమానానికి తావుండదు.