గ్రానిటో రివ్యూ: పక్కన పడేసిన రీళ్ళు కోర్టుకెక్కాయి

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో ఊరికే రాలేదు. డాక్యుమెంటరీలు పెట్టే ఒక యాప్ వాళ్ళు నాకు సబ్‌స్క్రిప్షన్ ఫ్రీగా ఇచ్చి, మా దగ్గరున్న వాటిలో మీకు నచ్చినదాని మీద మాట్లాడండి అన్నారు. లింక్ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టా. ఏదో సీరియల్ కిల్లర్ సిరీస్ తీసుకుంటానని అనుకున్నారేమో పాపం. నేను పోయి పోయి 2011లో వచ్చిన, మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశం మీద తీసిన డాక్యుమెంటరీ పట్టుకున్నా. పేరు గ్రానిటో, డైరెక్టర్ పమేలా యేట్స్, అమెరికన్.

ట్రైలర్ చూసే ఉంటారు, నిడివి, భాష, అవార్డులు అన్నీ నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోను. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1982 మార్చిలో జనరల్ ఎఫ్రైన్ రియోస్ మాంట్ సైనిక కుట్రతో గద్దెనెక్కాడు. 1983 ఆగస్టులో ఇంకో కుట్ర వచ్చి దించేసింది. పదిహేడు నెలలు కూడా నిండలేదు. ఆ కాస్త టైములో ఆదివారం ఆదివారం టీవీలో కూర్చుని జనానికి నీతిబోధలు చేసేవాడు. అవతల కొండల్లో ఇషిల్ అనే మాయా ఆదివాసీ జనం ఉండే ఊళ్ళకి ఊళ్ళే తగలబడుతున్నాయి. గెరిల్లాలకి అన్నం పెడుతున్నారన్న అనుమానం మీద పిల్లల్నీ ముసలివాళ్ళనీ కూడా చంపారు. ఆ దేశంలో అంతర్యుద్ధం 1960 నుంచి 1996 దాకా సాగింది. చనిపోయినవాళ్ళు, మాయమైపోయినవాళ్ళు కలిపి రెండు లక్షల మంది దాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి మద్దతుతో వేసిన సత్యశోధన కమిషన్ 1999లో చెప్పింది. గుర్తుపట్టగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా జనమే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ సినిమాలో నాకు పిచ్చెక్కించింది ఒక్కటే. రషెస్, అంటే ఎడిట్ చేయని రా ఫుటేజీ.

1982లో పమేలా యేట్స్ కుర్రది. కెమెరా పట్టుకుని గ్వాటెమాలా వెళ్ళి అటు సైన్యంతోనూ తిరిగింది, ఇటు గెరిల్లాలతోనూ తిరిగింది. ఆ ఫుటేజీతో 1983లో ఒక సినిమా తీసింది. వాడినంత వాడింది, మిగతా 16 ఎంఎం రీళ్ళన్నీ డబ్బాల్లో పెట్టి పక్కన పడేసింది. ఎవరైనా అదే చేస్తారు. ఇరవై ఏళ్ళ పైన గడిచాక అల్ముదేనా బెర్నబేయు అనే లాయరు ఈవిడ దగ్గరికొచ్చింది. స్పెయిన్ కోర్టులో రియోస్ మాంట్ మీద, ఇంకొందరు జనరల్స్ మీద మారణహోమం కేసు నడిపిస్తున్న లాయరు. మీరు వాడని ఫుటేజీ ఇంకా ఉందా, అందులో సాక్ష్యం ఏమైనా దొరుకుతుందేమో వెతుకుతారా అని అడిగింది.

డబ్బాలు తెరిచారు. అందులో రియోస్ మాంట్ స్వయంగా ఉన్నాడు. అప్పట్లో ఈవిడకే ఇచ్చిన ఇంటర్వ్యూ. సైన్యం నా అదుపులో లేకపోతే నేనిక్కడ చేసేదేముంది అని కెమెరా ముందు దర్జాగా అడుగుతున్నాడు.

మామూలుగా వింటే ఇందులో ఏముంది, ప్రతి నాయకుడూ కొట్టే డప్పే కదా అనిపిస్తుంది. కానీ ఇలాంటి కేసుల్లో పెద్దాయన వాదన ఎప్పుడూ ఒకటే ఉంటుంది. నేను రాజధానిలో ఉన్నానండీ, ఎక్కడో కొండల్లో కింది కమాండర్లు ఏం చేశారో నాకేం తెలుసు? తుపాకీ పేల్చినవాణ్ణి పట్టుకోవడం వేరు, పై కుర్చీలో ఉన్నవాణ్ణి పట్టుకోవడం వేరు. వాళ్ళు నీ మాట వినేవాళ్ళే అని రుజువు చేయాలి. ఆ రుజువు ఆయనే 1982లో మీసం మెలేసినంత ధీమాగా ఇచ్చేశాడు. అప్పుడది గొప్ప. ఇప్పుడది వాంగ్మూలం. ఆ షాట్ దగ్గర నేను వెనక్కి వెళ్ళి వెళ్ళి మళ్ళీ చూశా. ముఖంలో చిన్న బెరుకైనా ఉంటుందేమోనని. లేదు.

చానెల్ పెట్టకముందు నేను పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాణ్ణని పాత సబ్‌స్క్రైబర్లకి తెలుసు. ఈ ఫీల్డులో ఉన్న రూలేంటంటే, ఆల్బం ఇచ్చేశాక, వీడియో డెలివరీ అయ్యాక, రా ఫుటేజీ డిలీట్. కొందరైతే అగ్రిమెంటులోనే రాసేస్తారు. హార్డ్ డిస్కులు ఊరికే రావు కదా. నాకు మాత్రం ఎందుకో చేతులాడవు. మా ఇంట్లో అటక మీద డిస్కుల డబ్బాలున్నాయి, ఇంట్లోవాళ్ళు పండక్కి దులిపినప్పుడల్లా తిడతారు. ఒకాయన అయితే ఏళ్ళ తర్వాత ఫోన్ చేసి, మా నాన్న పంతులుగారితో కట్నాల గురించి గొడవపడ్డ ముక్క ఉందా బాబూ, ఆయన గొంతు వినాలనుంది అన్నాడు. ఫైనల్ వీడియోలో ఆ ముక్క ఎవరూ పెట్టించుకోరు! అందుకే ఈ సినిమాలో ఆవిడ రీలు డబ్బా మూత తీస్తుంటే, థ్రిల్లర్‌లో లాకర్ తెరుస్తున్నప్పటికంటే ఎక్కువ టెన్షన్ పడ్డా.

ఇక చిరాకు గురించి. ఉంది, గట్టిగానే ఉంది. వాయిస్ ఓవర్. సినిమా అంతా పమేలా యేట్స్ తన గొంతుతో తన కథ చెప్తూనే ఉంటుంది. అప్పుడు నేను ఇలా అనుకున్నా, అప్పుడు నాకు ఇలా అనిపించింది. అమ్మా, నీ ధైర్యానికి దండం, ఒప్పుకుంటాం. కానీ పక్కన ఊరు మొత్తం పోగొట్టుకున్న ఇషిల్ మనిషి కూర్చుని ఉన్నాడు, ముందు ఆయన్ని మాట్లాడనివ్వు! మొదటి అరగంటలో రెండుసార్లు పాజ్ కొట్టి లేచిపోయా. తర్వాత తగ్గుతుంది, లేదా మనం అలవాటు పడతాం.

ఆ గొంతు తగ్గిన చోటల్లా సినిమా లేస్తుంది. కేట్ డోయల్ అని ఒక పరిశోధకురాలు ఉంది, ప్రభుత్వ రహస్య కాగితాలు బయటికి తీసే, వాషింగ్టన్‌లోని నేషనల్ సెక్యూరిటీ ఆర్కైవ్ అనే సంస్థ మనిషి. 1982 నాటి ఆపరేషన్ సోఫియా అనే సైనిక దాడుల తాలూకు అసలు కాగితాలు ఆవిడ చేతికొచ్చాయి. అవి అసలైనవేనని తేల్చుకుని 2009లో స్పెయిన్ కోర్టుకి ఇచ్చింది. ఆర్డరు పైనుంచి కిందికి ఎలా వెళ్ళింది, రిపోర్టు కిందనుంచి పైకి ఎలా వచ్చింది, అన్నీ కాగితం మీదే ఉన్నాయి. అంటే రీల్లో ఆయన కొట్టిన గొప్పకి ఈ కాగితం సంతకం పెట్టినట్టయింది. ఫ్రెడీ పెచరెల్లి అనే ఫోరెన్సిక్ నిపుణుడు ఎముకలు తవ్వి తీసి పేర్లు వెతికే పని చేస్తుంటాడు. మాటలు తక్కువ, చేతులే ఎక్కువ కనిపిస్తాయి. ఇంకా 2005లో బయటపడ్డ పోలీసు కాగితాల గుట్ట, దాదాపు 8 కోట్ల పేజీలు. తండ్రి మాయమైన ఒకమ్మాయి ఆ కాగితాల మధ్య నిలబడే సీను ఉంది. దాని గురించి ఇంక చెప్పను, చూడండి.

గ్వాటెమాలాలో జరిగినదానికి స్పెయిన్‌లో కేసేంటి అని కామెంట్లలో అడుగుతారు, నాకు తెలుసు. చిలీ మాజీ నియంత పినోచెట్‌ని 1998లో లండన్‌లో అరెస్టు చేసింది స్పెయిన్ జడ్జి వారెంటు మీదే. అంత ఘోరాలకి సరిహద్దులు అడ్డు కావన్న వాదన అక్కడ బలపడింది. మరుసటి ఏడాదే రిగోబెర్తా మెంచూ, అదే నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మాయా మహిళ, స్పెయిన్‌లో ఫిర్యాదు వేసింది. సొంత దేశంలో ఎందుకు వేయలేదంటారా? రియోస్ మాంట్ అప్పుడు అక్కడి చట్టసభలో కూర్చుని ఉన్నాడు! ఆ పదవి ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ముట్టుకునే వీల్లేదు, చివరికి 2012 జనవరిలో అది పోయింది.

సినిమాతో నా అసలు పేచీ సినిమా తప్పు కాదు. 2011లోనే ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే జరిగింది. 2013లో గ్వాటెమాలా నగరంలోనే, సొంత దేశపు కోర్టులోనే విచారణ జరిగింది. ఇషిల్ ఆడవాళ్ళు వచ్చి తమ మీద జరిగిన అత్యాచారాల గురించి నిండు కోర్టులో చెప్పారు. ఈ రీల్లోని ముక్క అక్కడా వేశారు. మే 10న జడ్జి యాస్మిన్ బారియోస్ తీర్పు చదివింది. 1,771 మంది ఇషిల్ జనాన్ని చంపిన కేసులో మారణహోమం, మానవత్వంపై నేరాలు కలిపి 80 ఏళ్ళ శిక్ష. ఒక దేశం తన మాజీ అధినేతను తన కోర్టులోనే మారణహోమం నేరానికి దోషి అనడం చాలా అరుదు.

మే 20న రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసింది. ప్రొసీజర్ తప్పంట. పదంటే పది రోజులు. తర్వాత ఆయన మతి సరిగా లేదన్నారు, విచారణ మళ్ళీ మొదలుపెట్టారు, ఈడ్చారు. 2018 ఏప్రిల్ 1న 91 ఏళ్ళ వయసులో, చట్టం లెక్కలో నిర్దోషిగానే పోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో కోర్టు, అవును, అక్కడ మారణహోమం జరిగింది అంది. అని, అప్పటి ఇంటెలిజెన్స్ చీఫ్‌ని వదిలేసింది. ఇది చదివిన రాత్రి నాకు సినిమా మీద కాదు, ఎవరి మీద కోపమో తెలియని కోపం వచ్చింది.

మరి చూడొచ్చా? చూడాలి. ఇలాంటి డాక్యుమెంటరీలంటే డ్రోన్ షాట్లు, ఏడుపు పియానో, నటులతో తీసిన నకిలీ సీన్లు అని విసుగెత్తిపోయి ఉంటే ఇది ఇంకా బాగా ఎక్కుతుంది, ఎందుకంటే ఇందులో పాత ఫుటేజీ అసలుది. గీతలు పడ్డ 16 ఎంఎం బొమ్మ, గింజలు గింజలుగా. రేటింగ్ ఇవ్వమని యాప్ వాళ్ళు అడిగారు, ఇవ్వను, 1,771 పక్కన నాలుగున్నర స్టార్లు వేయడానికి నా చెయ్యి రాలేదు. వాయిస్ ఓవర్‌ని భరించండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, భోజనం చేస్తూ మాత్రం వద్దు. 1983 నాటి పాత సినిమా ముందు చూడాలా అంటే అక్కర్లేదు. ముందు ఇది చూసి, అది తర్వాత చూడండి. అప్పుడు ప్రతి షాట్ దగ్గరా కట్ పడగానే, ఆ మిగతా ముక్కలో ఏముందో అని మీరే వెతుక్కుంటారు. ఎడిటింగ్ చేసేవాళ్ళు ఎవరైనా చూస్తుంటే, మీరు రా ఫుటేజీ ఎన్నాళ్ళు ఉంచుతారో కింద కామెంట్‌లో చెప్పండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.