తెల్ల చొక్కా, నల్ల బ్యాడ్జీ, పక్కన ఒక జతగాడు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులోనో, విశాఖలోనో, రాజమండ్రిలోనో మీరు వాళ్ళను చూసి ఉండవచ్చు. తెల్ల చొక్కా, టై, జేబు దగ్గర నల్ల బ్యాడ్జీ. నిండా ఇరవై ఏళ్ళు ఉండవు. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్టాపు దగ్గర నిలబడి ఎవరితోనో మర్యాదగా మాట్లాడుతుంటారు. ఒక్కసారి గమనించండి, వాళ్ళు ఎప్పుడూ ఇద్దరే ఉంటారు. అరుదుగా ముగ్గురు. ఒంటరిగా మాత్రం ఒక్కడూ కనిపించడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ ఇద్దరి గురించే. ఇంకా చెప్పాలంటే, వీధిలోకి రాకముందు వాళ్ళు నాలుగు గోడల మధ్య గడిపే కొద్ది వారాల గురించి.

వీళ్ళను లోకం మోర్మన్ మిషనరీలు అంటుంది. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే ఇరవై నాలుగేళ్ళ యువకుడు మొదలుపెట్టిన చర్చి ఇది. ఇప్పుడు కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్ని కూడా వీళ్ళు పవిత్రంగా భావిస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. తమను మోర్మన్లు అనవద్దని, యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అని పూర్తి పేరుతో పిలవమని 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగా కోరారు. రేడియోలో అంత పేరు మాటిమాటికీ పలకడం కష్టం. జనం నోట ఉన్న మాటే వాడుతున్నాను, మన్నించాలి.

ఈ చర్చిలో అబ్బాయిలు పద్దెనిమిదేళ్ళు నిండగానే రెండేళ్ళ పాటు మత ప్రచారానికి వెళ్ళడం ఒక ధర్మం. అమ్మాయిలకు అంత ఒత్తిడి లేదు, వెళ్తే పద్దెనిమిది నెలలు. జీతం ఉండదు సరికదా, ఎదురు డబ్బు కట్టుకోవాలి. 2020 జూలైలో అమెరికా కుర్రాళ్ళు కట్టాల్సిన మొత్తాన్ని నెలకు 400 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెంచారు. అంటే రెండేళ్ళకు 12 వేల డాలర్లు. చాలా ఇళ్ళలో పిల్లవాడు చిన్నప్పటి నుంచే దీనికోసం డబ్బు దాచుకుంటాడు. పేద దేశాల పిల్లలకు చర్చి నిధి నుంచి సాయం అందుతుంది.

ఏ దేశం వెళ్ళాలో ఎంచుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. దరఖాస్తు పెడతారు, కొన్ని వారాలకు జవాబు వస్తుంది. చుట్టాలూ స్నేహితులూ ఇంటికి చేరతారు. బ్రెజిల్ అని ఒకరు, జపాన్ అని ఒకరు ముందే పందేలు వేసుకుంటారు. అబ్బాయి అందరి ముందూ ఉత్తరం పైకి చదువుతాడు. ఒకప్పుడు పెద్ద తెల్ల కవరు పోస్టులో వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తోంది. పక్క రాష్ట్రం పేరు వచ్చినా నవ్వు మొహంతోనే చదవాలి.

మన కుర్రాడికి మెక్సికో వచ్చిందనుకుందాం. యూటాలో మంచు కొండల కింద పెరిగినవాడు. స్పానిష్ అంటే స్కూల్లో నేర్చుకున్న నాలుగు ముక్కలు. కొన్నేళ్ళుగా మొదటి వారం పాఠాలు ఇంట్లో కంప్యూటర్ ముందే అవుతున్నాయి, కోవిడ్ కాలంలో వచ్చిన మార్పు అది. తరువాత విమానం ఎక్కి మెక్సికో సిటీలో దిగుతాడు. అది సముద్ర మట్టానికి రెండు వేల రెండు వందల మీటర్ల పైన ఉన్న మహానగరం. కొత్తవాళ్ళకు మొదటి రోజుల్లో మెట్లు ఎక్కినా ఆయాసమే.

ఉత్తరపు శివార్లలో గోడ కట్టిన పెద్ద ఆవరణలోకి బస్సు వెళ్తుంది. ఈ ఆవరణకు ఒక కథ ఉంది. 1964లో ఇక్కడ ఇదే చర్చి ఒక రెసిడెన్షియల్ స్కూలు పెట్టింది. మెక్సికో ప్రజలు ప్రాణంగా చూసుకునే ఒకప్పటి దేశాధ్యక్షుడు బెనీటో హువారెజ్ బిరుదు మీద దానికి 'బెనెమెరీటో దె లాస్ అమెరికాస్' అని పేరు పెట్టారు. పేద పల్లెల నుంచి వచ్చిన మెక్సికన్ పిల్లలు వేల మంది అక్కడ చదువుకున్నారు. 2012 అక్టోబరులో చర్చి అప్పటి అధ్యక్షుడు థామస్ మాన్సన్ మిషనరీల కనీస వయసును అబ్బాయిలకు పందొమ్మిది నుంచి పద్దెనిమిదికి, అమ్మాయిలకు ఇరవై ఒకటి నుంచి పందొమ్మిదికి తగ్గించారు. దరఖాస్తులు వెల్లువెత్తాయి. దాదాపు 58 వేలు ఉన్న మిషనరీలు ఏడాది తిరిగేసరికి 80 వేలు దాటారు. ఇంతమందికి శిక్షణ ఎక్కడ ఇవ్వాలి? స్కూలు మూసేసి, 2013 మధ్యలో దాన్నే శిక్షణ కేంద్రంగా మార్చారు. ఆ వార్త విన్న విద్యార్థులు ఏడ్చారు. నా మటుకు నాకు, ఈ మొత్తం కథలో ఆ పిల్లల కన్నీళ్ళకు దక్కాల్సినంత చోటు దక్కలేదనిపిస్తుంది.

ఇంకో విచిత్రం. అసలు ఈ భాషా శిక్షణ అనేది పుట్టిందే మెక్సికో వల్ల. 1961లో మెక్సికో, అర్జెంటీనా వెళ్ళాల్సిన కుర్రాళ్ళకు వీసాలు ఆలస్యమయ్యాయి. ఖాళీగా కూర్చోబెట్టడమెందుకని యూటాలోని ప్రోవో పట్టణంలో, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో వాళ్ళకు స్పానిష్ నేర్పడం మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి, యాభైకి పైగా భాషలు నేర్పే ప్రోవో శిక్షణ కేంద్రం అయింది. అంతకు ముందు మిషనరీలు దేశంలో దిగాక పడుతూ లేస్తూ భాష నేర్చుకునేవాళ్ళే.

ఇక దినచర్య. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ స్టడీ అవర్స్ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. పొద్దున్న ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పాలి. మధ్యలో వ్యాయామం, ప్రార్థన, సొంత చదువు, జతగా చదువు, మూడేసి గంటల క్లాసులు. సినిమాలు లేవు, టీవీ లేదు, ప్రేమ వ్యవహారాలు లేవు. ఫోను చర్చి ఒప్పుకున్న పనులకే. టీ, కాఫీ ముట్టకూడదు, 1833 నుంచీ వస్తున్న నియమం అది. చుట్టూ ఉన్నది కాఫీ పండే దేశం, అయినా సరే. సొంత పేరు కూడా పక్కన పెట్టాలి. ఇంటిపేరు ముందు అబ్బాయికి ఎల్డర్, అమ్మాయికి సిస్టర్. ఎల్డర్ అంటే పెద్ద. మూతి మీద మీసం సరిగా రాని కుర్రాణ్ణి సాటి కుర్రాళ్ళు పెద్దగారూ అని పిలుచుకుంటూ ఫుట్‌బాల్ ఆడుకోవడం చూడముచ్చటగానే ఉంటుంది.

క్లాసులో పది పన్నెండు మందికి మించరు. పాఠం చెప్పేవాళ్ళలో చాలామంది ఒకప్పుడు మిషనరీలుగా తిరిగి వచ్చినవాళ్ళే. మొదటి రోజు నుంచే వాళ్ళు స్పానిష్‌లో మాట్లాడతారు. పదో తరగతి హిందీలో ఇరవై మార్కులతో గట్టెక్కిన నాలాంటివాళ్ళకు తరువాతి మాట నమ్మశక్యంగా ఉండదు. మొదటి వారంలోనే ఆ కుర్రాడు స్పానిష్‌లో ఒక మనిషికి మత బోధ చేయాలి. ఆ మనిషి నిజానికి మాస్టారే. తలుపు అవతల కూర్చుని, దేవుడి మీద నమ్మకం పోయిన ఒక బస్సు డ్రైవరుగానో, బిడ్డను పోగొట్టుకున్న తల్లిగానో నటిస్తారు. ఇద్దరు కుర్రాళ్ళు తలుపు కొట్టి లోపలికి వెళ్ళాలి. పలకరించాలి, ప్రార్థించాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి.

మొదటిసారి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కాగితం మీద రాసుకున్న నాలుగు వాక్యాలు ఒప్పజెప్పేస్తారు. అవతలి మనిషి ఏదో అడుగుతుంది. ఇద్దరూ మొహాలు చూసుకుంటారు. ఒకడు సీ, సీ, అంటే అవునవును అని తలాడిస్తాడు. ఆమె అడిగింది 'నా బిడ్డ ఎందుకు చనిపోయాడు' అని. బయటికి వచ్చాక మాస్టారు నటన పక్కన పెట్టి మాట్లాడతారు. వ్యాకరణం తప్పులు పెద్దగా పట్టించుకోరు. ఆమె ఏడుస్తుంటే మీరు పుస్తకంలోకి ఎందుకు చూశారు అని అడుగుతారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. మత ప్రచారం మీద మనకు ఏ అభిప్రాయమైనా ఉండనివ్వండి, ఎదుటివాడు చెప్పేది వినకుండా నువ్వు చెప్పడం మొదలుపెట్టకు అని పద్దెనిమిదేళ్ళ వయసులో నేర్పడం మంచిదే. బయటికి వెళ్ళాక ఎంతమంది పాటిస్తారన్నది వేరే సంగతి.

ఆరు వారాలకు భాష పూర్తిగా వచ్చేస్తుందా? రాదు. కానీ భయం పోతుంది. మెక్సికన్ కుర్రాళ్ళు కూడా అదే ఆవరణలో ఉంటారు. భాష నేర్చుకోవాల్సిన పని లేదు గనుక వాళ్ళు త్వరగా వెళ్ళిపోతారు. వాళ్ళతో భోజనాల దగ్గర, ఆట స్థలంలో మాట్లాడిందే అసలు చదువని అనుకోవాలి. ఆదివారం ఇంకో పరీక్ష ఉంది. ప్రతివాడూ స్పానిష్‌లో చిన్న ప్రసంగం సిద్ధం చేసుకుని రావాలి. ఎవరు మాట్లాడాలో సభ మొదలయ్యాకే చెప్తారు. పేరు పిలిచేదాకా ఆ గదిలో అందరికీ టెన్షనే.

ఇదంతా ఒక ఎత్తు, జతగాడు ఒక ఎత్తు. వీళ్ళ నియమం ప్రకారం మిషనరీ ఎప్పుడూ తన జతగాడికి కనిపించేంత, వినిపించేంత దూరంలో ఉండాలి. క్లాసులో, భోజనం దగ్గర, బట్టలు ఉతికేచోట, పడుకునే గదిలో. బాత్రూంలోకి వెళ్ళినప్పుడే ఏకాంతం. యేసు శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడని సువార్తల్లో ఉంది, అదే ఆధారం. ఆ జతగాణ్ణి మీరు ఎంచుకోరు. ఎవరో ఒక జాబితా వేస్తారు. టెక్సాస్ రైతు కొడుకు, కాలిఫోర్నియాలో వీడియో గేములతో పెరిగినవాడు ఒక గదిలో పడతారు. ఒకడు అలారం మోగినా లేవడు, ఇంకొకడు స్నానం చేస్తూ గొంతెత్తి కీర్తనలు పాడతాడు. నవ్వొస్తుంది గానీ, రోజంతా పక్కనే ఉండే మనిషి పళ్ళు తోముకునే చప్పుడు కూడా నాలుగో రోజుకి భరించలేనిదవుతుంది.

దీనికి వాళ్ళు కనిపెట్టిన మందు ఒకటి ఉంది. వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. నీలో నాకు నచ్చింది ఇది, నన్ను ఇబ్బంది పెడుతున్నది ఇది, వచ్చే వారం ఇలా చేద్దాం. ప్రార్థనతో మొదలుపెట్టి ప్రార్థనతో ముగించాలి. పెళ్ళయి పాతికేళ్ళయిన జంటలకే చేతకాని పని ఇది. పద్దెనిమిదేళ్ళవాళ్ళు చేస్తారంటే మొదట నేను నమ్మలేదు. అన్ని జతలూ నిజాయితీగా చేస్తాయని ఇప్పటికీ నమ్మను. కానీ ఇంటికి తిరిగొచ్చిన మిషనరీలు, ముసలివాళ్ళయ్యాక కూడా, ఆ రెండేళ్ళ గురించి చెప్పమంటే జతగాళ్ళ పేర్లతోనే మొదలుపెడతారు.

రెండో వైపు కూడా చెప్పాలి. జతగాడు తోడూ అవుతాడు, కాపలా కూడా అవుతాడు. మనసు బాగా లేనప్పుడు ఒంటరిగా కాసేపు నడిచి వద్దామంటే వీలుకాదు. ఏడవాలన్నా ఎవరో ఒకరు చూస్తుంటారు. ఇల్లు గుర్తొచ్చి తిండి మానేసేవాళ్ళు, ఆందోళనతో నిద్ర పట్టనివాళ్ళు ఉంటారు. కొందరు మధ్యలోనే వెనక్కి వెళ్ళిపోతారు. సలహా ఇచ్చేవాళ్ళూ వైద్యులూ ఉన్నా, తొందరగా తిరిగొచ్చిన పిల్లవాణ్ణి ఊళ్ళో అందరూ ఏమైంది అని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న భయంతోనే ఉండిపోయేవాళ్ళు ఎందరో.

ఒక్క విషయంలో మాత్రం కాలం మారింది. ఇంతకు ముందు ఇంటికి ఫోను ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడవచ్చు. వారంలో ఒక రోజు సెలవు లాంటిది ఉంటుంది. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, మెయిల్స్ రాయడం, ఈ ఫోను, అన్నీ ఆ రోజే. తల్లుల మొర దేవుడే విన్నాడో, చర్చి పెద్దలే విన్నారో గానీ మంచే జరిగింది.

మనకూ దీనికీ ఉన్న బంధం చాలామందికి తెలియదు. సమోవా దీవుల్లో ఉంటూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ అనే తెలుగు దంపతులు 1978 చివర్లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. ఆ విత్తనం పెరిగి, భారతదేశంలో ఈ చర్చి తొలి 'స్టేక్', అంటే అనేక సంఘాలను కలిపే పెద్ద విభాగం, 2012 మేలో హైదరాబాదులోనే ఏర్పడింది. ఇప్పుడు తెలుగు అబ్బాయిలూ అమ్మాయిలూ కూడా మిషనరీలుగా వెళ్తున్నారు. మన దేశపు పిల్లలు శిక్షణకు వెళ్ళిన చోట్లలో ఫిలిప్పీన్స్‌లోని మనీలా ఒకటి. అక్కడ గోదావరి జిల్లా కుర్రాడికి జతగాడిగా ఏ దేశంవాడు దొరుకుతాడో, ఆవకాయ లేకుండా వారాలు ఎలా గడుపుతాడో, అది ఇంకో ప్రసంగానికి సరిపడే సంగతి.

మెక్సికోలో మన కుర్రాడి సంగతి ముగిస్తాను. ఆరు వారాలు అయిపోతాయి. తెల్లవారకముందే సూట్‌కేసులు బస్సులోకి ఎక్కిస్తారు. అప్పటికి జతగాడి అలారం అలవాటైపోయింది, పాటా అలవాటైపోయింది. సరిగ్గా అప్పుడే విడదీస్తారు, ఒకడు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి. వెళ్ళిన ఊళ్ళో కొత్త జతగాడు ఎదురొస్తాడు. కొంత అనుభవం ఉన్నవాడు, మొదటి కొద్ది నెలలూ పని నేర్పేవాడు. మెక్సికన్ అయితే అతనికి ఇంగ్లీషు రాకపోవచ్చు. అదే సాయంత్రం ఇద్దరూ కలిసి తలుపులు కొట్టడానికి బయల్దేరతారు. ఈసారి తలుపు అవతల ఉండేది మాస్టారు కాదు.