తాళం వేసిన ఫోను

హెడ్‌మాస్టరుగారికి, టీచర్లకు, పిల్లలకు నమస్కారం. సైన్స్ దినోత్సవం గురించి మాట్లాడమన్నారు గానీ నేను ఈ బల్ల మీది నల్ల ఫోను గురించే మాట్లాడతాను. పొద్దున్న మీ స్టోర్ రూములో పాత సామాన్లవాడి కోసం పోగేసిన కుప్పలో కనబడింది. మనసొప్పక నేనే తుడిచి పట్టుకొచ్చాను.

ఇందాక ఒక పాప ఈ గుండ్రటి డయలు మీది అంకె కన్నంలో వేలు పెట్టి బటన్‌లా నొక్కింది. నొక్కడం కాదమ్మా, ఈ కొక్కెం తగిలేదాకా తిప్పి వదిలెయ్యాలి. వినండి, కిర్రుమంటూ వెనక్కొస్తోంది కదా, నంబరు వెళ్ళేది అప్పుడే. లైన్లో కరెంటు తెగుతూ కలుస్తూ ఉంటుంది. మూడుకి మూడుసార్లు, సున్నాకి పదిసార్లు, సెకనుకి పది చొప్పున. ఊళ్ళో ఫోను లైన్లన్నీ కలిసే ఎక్స్ఛేంజిలో యంత్రం ఆ తెగడాలు లెక్కపెట్టి లైను కలుపుతుంది. వేగం తప్పకుండా లోపల గవర్నర్ అని చిన్నది తిరుగుతుంది, అందుకే తొందరపడి వేలితో వెనక్కి తోస్తే రాంగ్ నంబరే. ఆపరేటరు లేకుండా లైను కలిపే యంత్రానికి 1891లో పేటెంటు తీసుకున్న స్ట్రోజర్ అమెరికాలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే మనిషి. ఆయన సంగతి ఇంకోసారెప్పుడైనా చెబుతాను.

నాకు పదహారేళ్ళప్పుడు ఇక్కడే, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక కొట్లో పనిచేసేవాణ్ణి. షావుకారు రాత్రి ఇంటికెళ్తూ డయలు కన్నానికి చిన్న తాళం వేసేవాడు. ఒక రాత్రి, కొట్టు వెనక గదిలో మా నాన్నకి ఆయాసం ఎక్కువైపోయింది. లైన్‌మన్‌గా చేసే మావయ్య ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చింది: "డయలు చేసేది లైను తెంచి కలపడమేరా, రిసీవరు పెట్టే మీటతోనూ ఆ పని అవుతుంది." మీట తట్టడం మొదలెట్టాను. డాక్టరుగారి నంబరు చివర సున్నా. పదికి తొమ్మిదే తట్టానేమో, ఎవరో ముసలాయన నిద్రలో ఎత్తారు. మళ్ళీ, పైకి లెక్కపెడుతూ, అంకెకీ అంకెకీ మధ్య కాస్త ఆగుతూ తట్టాను. డాక్టరుగారి గొంతు వినబడేసరికి ఏడుపొచ్చేసింది. ఆయన స్కూటరు మీద వచ్చేశారు. నాన్న ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికారు.

తాళం ఉండగా ఫోనెలా చేశావని తెల్లారి షావుకారు నన్ను పనిలోంచి తీసేశాడు. మీ నాన్నకెలా ఉందని ఒక్కమాట అడగలేదు. నాకిప్పటికీ అదే బాధ.

మాస్టారూ, దీన్ని పాత సామాన్లకి వెయ్యొద్దు, మీ ల్యాబులో పెట్టండి. స్క్రూడ్రైవరు తెచ్చాను. వెనక వరస పిల్లలు ముందు రండి, అడుగు విప్పుతాను, గవర్నర్ ఎలా తిరుగుతుందో కళ్ళారా చూద్దురుగాని.