షెల్ పైకప్పు ఎపిసోడ్ (స్లాబే తినేసింది)

తమ్ముడు: నమస్తే. పోయినసారి మాటిచ్చినట్టే ఇయ్యాల సిలిండర్ పైకప్పు షెల్, అంటే వంపు తిరిగిన పలుచటి పైకప్పు; దాన్ని ముక్కలు చేసి కంప్యూటర్ల లెక్కగట్టుడు (ఫైనైట్ ఎలిమెంట్). అక్కా, మొదలుపెడదామా?

అక్క: ముందు చేతిలెక్క.

తమ్ముడు: వచ్చేసింది! వినేటోళ్లు ఛాయ్ పెట్టుకోండి.

అక్క: నవ్వుకో. అంచులన్నీ ఊరికే ఆనిన 5 మీటర్ల చదరపు స్లాబ్, మందం 150 మిల్లీమీటర్లు, ఎం25 కాంక్రీట్, లోడ్ చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్లు. నడుమ దిగుడు 0.00406 క్యూ ఏ⁴ బై డీ: క్యూ లోడ్, ఏ అంచు పొడవు, డీ వంగకుండ ఆపే గట్టితనం, అంటే బెండింగ్ స్టిఫ్‌నెస్. పగుళ్లు లేకుంటే నడుమ మూడున్నర మిల్లీమీటర్లు దిగాలె. నువ్వు రాసిన ప్రోగ్రాంల అండ్ల సగం కూడా రాలేదనుకో?

తమ్ముడు: మెష్, అంటే స్లాబ్‌ను ముక్కలు చేసే వల, సన్నగ చేస్త.

అక్క: ఎంత సన్నగ? ఎలిమెంట్, అంటే ఒక్కో ముక్క, సైజు మందం దాకా దించుతవా? నాలుగు నోడ్ల (మూల బిందువుల) మిండ్లిన్ ఎలిమెంట్, అంటే వంగుడుతోపాటు షియర్‌ను (కోతను) గూడ లెక్కపట్టే ముక్క, దానికి వంగుడు సరిగ రాదు. వంగినప్పుడల్లా లేని షియర్ పుడ్తది. బెండింగ్ స్టిఫ్‌నెస్ మందం ఘనంతో తగ్గుతది, షియర్‌ది మందంతోనే. 6 మిల్లీమీటర్ల స్టీల్ ప్లేట్, 100 మిల్లీమీటర్ల ఎలిమెంట్ అయితే ఆ దొంగ షియర్ పెత్తనం (100/6)², అంటే 278 స్థాయి. ప్లేట్ బిగుసుకపోతది.

తమ్ముడు: అందుకే షియర్‌కు ముక్కల ఒక్క గాస్ పాయింట్ (లెక్క తీసుకునే చోటు), బెండింగ్‌కు 2×2. అయిపాయె.

అక్క: ఏం కాలే! నాలుగు మూలలే పట్టి, రెండువైపులా సరి సంఖ్య ఎలిమెంట్లు పెట్టు. నోడ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి, చదరంగం గళ్లలెక్క పోతయ్. స్టిఫ్‌నెస్‌కు సోయే ఉండదు.

తమ్ముడు: చుట్టూ పట్టుకుంటే కనపడదు గదా.

అక్క: అక్కడే మోసపోయేది! టెస్ట్ పాసైతది, సైట్ మోడల్ పాడైతది. డ్వోర్కిన్, బాతే 1984ల చెప్పినట్టు షియర్‌ను అంచుల నడిమిట్ల తీసుకొని లోపలికి పంచు. ఆ దొంగ మోడ్ రాదు.

తమ్ముడు: సరే, ఒప్పుకున్న. అక్కా, షెల్...

అక్క: మూలల లెక్క చూసినవా? అదే స్లాబ్‌ల ఒక్కో మూల పైకి లేవకుండ పట్టాలంటే పాయిజన్ నిష్పత్తి (ఒకదిక్కు గుంజితే అడ్డం ఎంత సన్నబడ్తదో చెప్పేది) 0.2తో సుమారు 18.5 కిలోన్యూటన్లు కావాలె. మన కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456ల మూలల టార్షన్ స్టీల్ (మెలిక తట్టుకునే కడ్డీలు) అందుకే. సాఫ్ట్‌వేర్ చూపించే రంగుల బొమ్మల అది కనపడదు.

తమ్ముడు: రంగుల బొమ్మ జోలికి పోకు, మళ్ల గొడవైతది. ఇగ షెల్: స్కోర్డెలిస్, లో అనే ఇద్దరి పేరు మీదున్న పరీక్ష పైకప్పు, యూనిట్లు అన్నిట్ల ఒకే తీరు: వ్యాసార్థం 25, పొడవు 50, మందం 0.25, సగం కోణం 40 డిగ్రీలు, ఈ (పదార్థం గట్టితనం) 4.32×10⁸, పాయిజన్ సున్నా, లోడ్ 90. స్వేచ్ఛగ ఉన్న అంచు నడుమ దిగుడు 0.3024 రావాలె. అంతే.

అక్క: రెండు చివర్ల డయాఫ్రాంకు (పైకప్పును మోసే అడ్డగోడకు) ఏ దిక్కు కదలకుండ పట్టినవో చెప్పలే.

తమ్ముడు: నిలువు, అడ్డం పట్టిన. పొడవు దిక్కు వదిలిన.

అక్క: మరి పొడవు దిక్కు మొత్తం జారిపోకుండ?

తమ్ముడు: సిమ్మెట్రీతో పావు భాగమే గీస్త గదా అక్కా, నడిమి గీత దగ్గర అది సున్నా.

అక్క: మొత్తం గీసేటోనికి చెప్పు. ఒక్క నోడ్ దగ్గర ఆపమను.

తమ్ముడు: చెప్త, ముందు టైమ్ చూడు...